చింపి ఇచ్చిన రెండు కాగితాలు

మా మిషన్ బడి సారు మొన్న ఆదివారం పోయారు. కంప్లి బస్సు కండక్టరు చెప్తే నేను నమ్మలేదు. ఆయన విషయంలో నేను ఏదీ ఒక పట్టాన నమ్మినవాణ్ణి కాను. ఆ సంగతే రాస్తున్నాను.

కాలువ నీళ్ళు వచ్చాక మా ఊరి చివరి చింతచెట్టు మీదికి ఎర్రకాళ్ళ కొంగలు గుంపుగా రావడం మొదలైంది. వాటి రెట్ట మడికి మంచి ఎరువని రైతులు చెట్టు కింద చెరువుమట్టి పరిచి, కొంగపిల్లలు ఎగిరిపోయాక ఆ మట్టిని ఎత్తుకుపోయేవారు. సారు రోజూ పొద్దున్నే తలమీద తుండుగుడ్డ కప్పుకొని అక్కడ కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకునేవారు. మా కౌలురైతుల సంఘం కూడేదీ ఆ చెట్టు కిందే. రెండేళ్ళ కిందట మా మొదటి మీటింగు సంగతి భూస్వామికి ముందే తెలిసిపోయింది. ఎవరు చెప్పారు? నా అనుమానం ఆ నోటుబుక్కు మీదికి పోయింది.

"ఏం రాస్తాండారు సారూ? మా పేర్లా?"

"కొంగల వయసప్పా. ముసలివి ముందొచ్చి నడిమి కొమ్మలు పడతాండాయి. తొలిసారి గూడు కట్టేవి ఆలస్యంగా వచ్చి అంచున కడతాండాయి. గాలికి పడేవీ, కాకులు గుడ్లెత్తుకుపోయేవీ ఆ గూళ్ళే."

నాకు మండింది. "అంటే కొంగల్లోనూ భూస్వాములుండారా? అంచునోళ్ళు అంచునే చావాలనా మీ పాఠం?"

"ఆ వంకరముక్కు దాన్ని చూడు. పోయినేడు అంచున ఉండె, గూడు పడిపాయె. ఈ యేడు రెండు కొమ్మలు లోపలికొచ్చింది. ముందు చూడప్పా, చూసినాక తిట్టు."

నవ్వుతూ నోటుబుక్కు నా చేతికివ్వబోయారు. "అసలుది ఇంట్లో దాచింటారు" అని తోసేశాను. మర్నాడు చెట్టుకు కాగితం అంటించాను: సారు భూస్వామి మనిషి. ఆయన చదివి, ఊడుతున్న మూలను బొటనవేలితో అదిమి, తన చోట కూర్చున్నారు.

మొన్న సారును సమాధి చేసిన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి ఆ నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. ఒక్క మనిషి పేరూ లేదు. అన్నీ కొంగలే. చివర రెండు కాగితాలు మాత్రం చింపి ఉన్నాయి. రుజువు దొరికిందనుకున్నాను.

"ఇవి యాడికి పోయినాయమ్మా?" ఆయన భార్యను నిలదీశాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీకే కదప్పా ఇచ్చింది! మీటింగు నోటీసు రాయనీకి కాగితం లేదని వస్తివి. చింపి ఇచ్చె."

ఒకదాని మీద ఆ మొదటి మీటింగు రోజు రాసి నేనే బస్టాండు గోడకు అంటించాను. భూస్వామి కాఫీ తాగే హోటలు ఆ గోడ పక్కదే. రెండోదాని మీద రాసింది సారు గురించి.

ఈ పొద్దున ఆయన చోట కూర్చున్నాను. వంకరముక్కు కొంగ ఇప్పుడు నడిమి కొమ్మలో ఉంది. రెక్కల్లో బూడిదరంగు ఇంకా పోని కొంగ ఒకటి పుల్ల పట్టుకొచ్చి అంచు కొమ్మ మీద వాలింది. వంకరముక్కుది మెడ చాచింది. తరుముతుందని కాచుకొని చూశాను. మెడ చాచి అట్లాగే ఉంది. కుర్రది పుల్లను కొమ్మ సందులో పెట్టింది. జారిపోయింది. మళ్ళీ తెచ్చి పెట్టింది.