దవడతో విన్న పాఠం

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి భయమూ గర్వమూ సమానంగా ఉంటాయి. మాచర్ల దగ్గర ఒక ప్రైవేటు బళ్ళో సైన్సు మాస్టారుగా చేరి అప్పటికి ఇరవై రోజులు. నన్ను ఉంచాలో పంపాలో నెలాఖరుకి తేలుస్తానన్నారు కరస్పాండెంటు గారు (చాటుగా మాకు ఆయన మీసాలాయన). బుద్ధిగా పుస్తకంలో ఉన్నది చెప్పి ఊరుకోవచ్చు కదా! నేను థ్రినాక్సోడాన్‌ని పట్టుకొచ్చాను. పిల్లి అంత జంతువు, రాకాసి బల్లుల కన్నా ముందటిది, పాలిచ్చే జంతువులకు దూరపు చుట్టం. దవడ నేలకు ఆనించి చప్పుళ్ళు ఎముకలతో వినేదని ఎక్కడో చదివాను.

"దవడతో ఎట్టా ఇంటది సార్? ఉత్తదే," అన్నాడు వెనక బెంచీ బక్కోడు. నాకు పౌరుషం వచ్చేసింది. ఊరి పక్క క్వారీలో రోజూ పన్నెండున్నరకి రాళ్ళు పేలుస్తారు. ఆ అదురు దవడతో విందామని, ఏడో తరగతి మొత్తాన్నీ నాపరాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, గడ్డాలు ఆనించమని చెప్పి, నేనూ పడుకున్నాను. అందరం ఊపిరి బిగబట్టి ఉండగా బళ్ళో ఊడ్చి తుడిచే ఆయమ్మ తొంగిచూసింది. అసలే ఏప్రిల్. మా వైపు ఎండాకాలంలో మనిషి నేల మీద కనిపిస్తే వడదెబ్బే. "అయ్యో, సారూ పిల్లకాయలూ అందరూ పడిపోయార్రో," అంటూ బిందెడు నీళ్ళు తెచ్చి ముందు నా నెత్తినే కుమ్మరించింది. లేవబోతే అదిమిపట్టి, ఉల్లిపాయ కోసి నా అరికాళ్ళకు రుద్దింది. చక్కిలిగింతలకు నేను గిలగిల్లాడుతుంటే, "ఫిట్స్ కూడా వచ్చినయ్," అని ఏడుపు లంకించుకుంది.

ఆ ఏడుపు విని మీసాలాయన వచ్చారు. "ఏందయ్యా ఇది?" అన్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. తడిచొక్కాతో, ఉల్లిపాయ వాసన కొడుతూ, థ్రినాక్సోడాన్ సంగతంతా చెప్పాను. ఆయన గడియారం చూసుకున్నారు. తెల్లచొక్కాతోనే మా మధ్య బోర్లా పడుకుని, మీసాలు రాతికి ఆనించారు. క్వారీ పేలింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"చెవి కంటే ముందు పంటికి ఇనపడిందయ్యా," అన్నారు లేవకుండానే. "నెలాఖరు దాకా ఎందుకులే, నువ్వుండు. రేపు ఎనిమిదో క్లాసుకి కూడా చెప్పు."

ఇన్నేళ్ళ తర్వాత ఈమధ్య ఒక సంగతి చదివాను. ఆ జంతువుకు దవడ మీదే చిన్న కర్ణభేరి ఉండేదట, గాల్లో వచ్చే శబ్దాలు కూడా చక్కగా వినేదట. అంటే దానికి నేలకు గడ్డం ఆనించే అవసరమే లేదన్నమాట. నా ఉద్యోగం నిలబడింది తప్పు పాఠం మీద! ఆ పిల్లలందరికీ కబురంపి దిద్దుకోవాలనే ఉంది. కానీ అరికాళ్ళకు ఉల్లిపాయ రుద్దించుకుని మరీ పాఠం చెప్పిన ఆ కుర్ర మాస్టారు గుర్తొస్తే మనసొప్పడం లేదు.