కళ్లు మూసుకుని చేసిన ప్రార్థన

ప్రార్థన చేసి రోగిని మరింత కుంగదీసిన ఘనుడెవరని అడిగితే, మా సంఘంలో ఇప్పటికీ అందరూ నా వైపే చూస్తారు. ఇది చదివాక మీరూ చూస్తారు. ఫరవాలేదు, అలవాటైపోయింది.

నిజాం కాలం. లాడ్ బజార్ వెనక గల్లీలో షేర్వానీలు కుట్టే యేసేపు మామకు క్షయ పట్టింది. ఇంక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు ఆయన భార్య మార్తమ్మత్తతో చెప్పేశాడు. మామ మహా పిరికివాడు. తెలిస్తే బెంగతోనే పోతాడని ఆమె భయం. నిజామాబాదు నుంచి కూతురు వచ్చేదాకా ఆయన నిబ్బరంగా ఉంటే చాలనుకుంది. ఈ సంగతి మా పాదిరి అయ్యగారికి చెబుతుంటే పక్కనే నేనున్నాను.

"దావీదూ, ఈ ముచ్చట నీ నోట్ల నుంచి రావొద్దు బిడ్డా," అంది.

"నాకు జెప్తున్నవా అత్తా? మొన్న ఆదివారం నోరు కాసుకునుడు మీదనే వాక్యం చెప్పిన గద."

నిజంగానే చెప్పాను. తగ్గించుకోవాలి, తక్కువ మాట్లాడాలి అని బైబిలు చెప్పే మాటలన్నీ ఏరి గంటన్నర వాయించాను. జనం కునికిపాట్లు పడుతుంటే ధ్యానంలో ఉన్నారనుకున్నాను.

ఆ సాయంత్రమే మామ మంచం చుట్టూ ప్రార్థన కూటం. "చిన్నగ చెయ్ బిడ్డా," అంటూ అయ్యగారు నాకే అప్పగించారు. మా ఆచారం ప్రకారం అందరం కళ్లు మూసుకున్నాం. కళ్లు మూసుకుంటే నాకు దేవుడు తప్ప ఎదుట ఇంకెవరూ ఉన్నట్టు తోచదు, అదీ నా జబ్బు. యుద్ధంలో ఉన్న దేశాలన్నిటికీ ప్రార్థించి, చివరికి మంచం దగ్గరికి వచ్చాను.

"ప్రభువా, వైద్యులు చేతులెత్తివేసిన నీ దాసుని కటాక్షించుము."

అయ్యగారు దగ్గారు. మనసు కరిగిందనుకున్నాను. అత్త నా చొక్కా లాగింది. పాపం, ఇంకా చెయ్యమంటోందనుకుని గొంతు పెంచాను.

"బిడ్డ ముఖము చూచువరకైనను ఈ ఊపిరి నిలుపుము. ఈ సంగతి దాచి విలపించుచున్న ఇల్లాలిని ఓదార్చుము."

ఆమెన్ అన్నది మామ ఒక్కడే. కళ్లు తెరిచేసరికి ఆయన భార్యను చూస్తున్నాడు.

"నీకెరికేనా మార్తా? గందుకేనా నా కత్తెర సందుగల పెట్టి తాళమేసినవ్?"

కాపురమంతా అత్త చేతి వంట తిన్న మనిషి ఆ పూట ఆమె తెచ్చిన గంజి ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్షమించమనడానికి నోరు తెరిచాను.

"ఇగ సాలు," అంటూ అయ్యగారు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు.

కూతురు వచ్చింది. ఆమె పట్టిస్తే మామ గంజి తాగాడు. అత్తతోనూ మాట్లాడాడట. నన్ను లోపలికి రమ్మన్నవాళ్లు లేరు గనక గల్లీ మొగదలలోనే నిలబడి ఏడ్చాను. కొద్దిరోజులకే మామ పోయాడు.

శవపెట్టె లేపే ముందు, సిగ్గులేని అలవాటు కదా, గొంతు సవరించుకున్నాను. అత్త దగ్గరికి వచ్చింది.

"మీ మామ చెప్పిపోయిండు. పెట్టె ముంగట నువ్వే పట్టాల్నట. నోరు మాత్రం తెరవొద్దట."

పట్టాను. సమాధుల తోట దాకా భుజం ఒరుసుకుపోతున్నా కిక్కురుమనలేదు.

అందుకే పాఠక మహాశయుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ ప్రార్థనలోనైనా ఆమెన్ ఒక్కటే అంటాను. అదీ అందరూ అన్నాక, కళ్లు తెరిచి.