రెండు స్క్వాడ్రన్ల మధ్య పదిహేను రోజులు

మా పెదనాన్న నౌకాదళ విమాన కమాండ్‌లో పెయింటరు. విమానాలు నడిపేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు, వాటి పేరు చెప్పి ఫైళ్ళు నడిపేవాళ్ళు వేలమంది ఉన్న ఆ చోట తోకల మీద అంకెలు వేసేది మాత్రం ఆయనొక్కరే. ముప్పై ఏడేళ్ళు అదే పని. అందరూ బ్రష్ మాస్టారనేవారు. ఆయన చేతి ‘ఎనిమిది’ చూసి మెచ్చుకోని ఆఫీసరు లేడని మా ఇంట్లో చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాం. ఇప్పుడు ఆ గొప్పలు మానేశాం.

ప్రధాన కార్యాలయం మొదటి అంతస్తు వరండాలో ఒక గోడ నిండా కమాండ్ స్వరూపం ఉంటుంది. పైన ఒకే ఒక పెట్టె, అందులో కమాండ్ అధిపతి. దాని కింద మూడు పెట్టెలు. ఒడ్డు నుంచి లేచి సముద్రం మీద కాపలా తిరిగే విమానాలది ఒక వింగ్, ఓడల మీద నుంచి లేచేవాటిది ఒకటి, శిక్షణది ఒకటి. ఒక్కో వింగ్ కింద స్క్వాడ్రన్లు, వాటి కింద రెండు మూడు యంత్రాల చిన్న జట్లు. ఎవరు ఎవరి మాట వినాలో గీతలు చెబుతాయి. ఆ గోడని పెదనాన్న పదకొండుసార్లు చెరిపి రాశారు. వచ్చిన ప్రతి అధిపతీ విడిగా ఉన్న పెట్టెల్ని కలపాలి, కలిసున్నవాటిని విడగొట్టాలి, లేకపోతే ఆయన వచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది? ఒకసారి శిక్షణ పెట్టె ఏకంగా పైకి ఎగబాకి అధిపతి పక్కన కూర్చుంది. రెండేళ్ళకి దించేశారు.

కమాండ్ చరిత్ర పెదనాన్నకి రంగుల్లో గుర్తుండేది. మొట్టమొదట నీళ్ళ మీద వాలే విమానాలు నాలుగు ఉండేవట. తెల్ల పొట్టలు, ఉప్పుగాలికి రంగు పెచ్చులూడేదట. అది ఆయనకి ముందు పనిచేసిన పెయింటరు చెప్పిన మాట. అప్పట్లో కమాండూ లేదు, పెట్టెలూ లేవు. రేవు అధికారి కింద ఒక రేకుల షెడ్డు, అంతే. తర్వాత విమానాలు దిగే పెద్ద ఓడ కొన్నారు. దాంతో ముదురు నీలం వచ్చింది, షెడ్డుకి కమాండ్ హోదా వచ్చింది. ఆ ఓడ తుక్కుకి పోయాక హెలికాప్టర్ల కాలం మొదలైంది. అప్పటినుంచి అంతా బూడిద రంగే.

అక్కడ ఒక పద్ధతి ఉంది. స్క్వాడ్రన్‌ని మూసేసే రోజున కవాతు చేసి జెండా దించుతారు, తర్వాత కొన్నాళ్ళలో తోకల మీది దాని అంకె చెరిపేస్తారు. దాని చరిత్ర పుస్తకంలో ఆఖరి పేజీ కింద గీత కొట్టి సంతకం పెడతారు. ఆ తర్వాత అందులో ఒక్క అక్షరం చేర్చకూడదు. కొత్త స్క్వాడ్రన్ పుట్టిన రోజున కొత్త పుస్తకం తెరుస్తారు. డ్యూటీలో ప్రాణం పోయినవాళ్ళ పేర్లు ఆ పుస్తకాల్లోంచే హాల్లో ఉన్న అమరుల బోర్డుకి ఎక్కుతాయి. పుస్తకంలో లేని పేరు బోర్డు మీద ఉండదు.

మా నాన్నని కమాండ్‌లోకి తెచ్చింది పెదనాన్నే. తమ్ముడికి చిన్నప్పటినుంచీ యంత్రాల పిచ్చి. నావికుల భర్తీ ప్రకటన చూసి, దరఖాస్తు తనే నింపి, తనే వెంటబెట్టుకెళ్ళారు. నాన్న హెలికాప్టర్ల స్క్వాడ్రన్‌లో మెకానిక్ అయ్యాడు. ఇద్దరూ ఒకే హ్యాంగర్‌లో పనిచేసేవారు, ఒకే క్యారేజీలో అన్నం తినేవారు.

“అన్నయ్యా, మాకు పగుళ్ళు కనపడకుండా రంగు పూసి దాచేది నువ్వే,” అనేవాడట నాన్న.

“తడి పెయింటు మీద చెయ్యి పెట్టకుండా మాట్లాడు ముందు,” అనేవారట పెదనాన్న.

నాకు ఐదేళ్ళప్పుడు ఆ స్క్వాడ్రన్‌ని మూసేశారు. జూన్ ముప్పైన కవాతు. అవే హెలికాప్టర్లతో, అవే మనుషులతో, కొత్త అంకెతో ఇంకో స్క్వాడ్రన్ పుట్టాలి. మర్నాడే పుట్టాల్సింది. ప్రారంభించాల్సిన పెద్దమనిషికి జూలై పదహారు దాకా తీరిక లేదన్నారు. సరే, పదహారునే పుట్టమన్నారు. మధ్యలో పదిహేను రోజులు ఆ మనుషులూ ఆ యంత్రాలూ ఏ స్క్వాడ్రన్‌కీ చెందలేదు. ఉత్త చేతులతో కూర్చోబెడితే ఊరుకుంటారా, ఎగరమన్నారు. జూలై మూడున ఒక హెలికాప్టర్‌ని అవతలి విమానాశ్రయానికి చేర్చడానికి ఇద్దరు పైలట్లు, మా నాన్న బయల్దేరారు. ఒడ్డుకి ఏడు మైళ్ళ దూరంలో అది సముద్రంలో పడింది. తోక ముక్క ఒకటి దొరికింది. మనుషులు దొరకలేదు.

పింఛను సక్రమంగానే వచ్చింది. ఆ విషయంలో ఎవరినీ తప్పుపట్టను. మా అమ్మ అడిగింది ఒక్కటే, బోర్డు మీద పేరు. సమాధి లేదు, ఒంటి మీది గుడ్డముక్క కూడా దక్కలేదు, పిల్లకి చూపించి ఇదుగో మీ నాన్న అని చెప్పడానికి ఏదో ఒక చోటు ఉండాలి కదా అని ఆమె తపన. నన్ను చంకనేసుకుని పెదనాన్నతో కలిసి ప్రధాన కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి పెద్దగుమాస్తాకి ఆ పదిహేను రోజుల లెక్క కంఠతా వచ్చు.

“జూన్ ముప్పైతో ఆ స్క్వాడ్రన్ అయిపోయిందమ్మా. పుస్తకం మూసేశారు.”

“మరి కొత్తదాన్లో రాయండి.”

“అది పదహారున పుట్టింది. పుట్టకముందు జరిగింది ఎలా రాస్తాం?”

“మూడో తారీకున మా ఆయన ఎవరి మనిషి?”

“ప్రధాన కార్యాలయం మనిషి.”

“అయితే మీ కార్యాలయం పుస్తకంలోనే రాయండి.”

“ప్రధాన కార్యాలయం ఎగరదు కదమ్మా,” అన్నాడాయన ఓపిగ్గా. “దానికి ఆ పుస్తకం ఉండదు.”

మెట్లు దిగుతూ పెదనాన్న అమ్మతో, “నువ్వు బెంగపెట్టుకోకు. వాడి పేరు ఆ బోర్డు మీదికి ఎక్కుతుంది. నా చేత్తో నేనే రాస్తాను,” అన్నారు. ఆ మాట పట్టుకునే అమ్మ పంతొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చింది. దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టాం. అధిపతులు మారారు, పెట్టెలు మారాయి, జవాబు మారలేదు. పెద్దయ్యాక ఆ దరఖాస్తులు నేను రాయడం మొదలుపెట్టాను. చెప్పులరిగేలా తిరిగాం అంటే అది ఊరికే మాటవరస కాదు, ఆ వరండాలో నా చెప్పు నిజంగానే తెగింది.

కమాండ్‌కి యాభై ఏళ్ళు నిండుతున్నాయని చరిత్ర గ్రంథం వేయాలనుకున్నారు, కొత్త హాలు కట్టారు. రిటైరైన ఒక కెప్టెన్‌ని పిలిచి ఆ పని అప్పజెప్పారు. మంచివాడే. మా ఫైలంతా చదివిన మొదటి మనిషి ఆయనే. పిలిపించి నన్నూ పెదనాన్ననీ ఎదురుగా కూర్చోబెట్టారు.

“ఇద్దరు పైలట్ల పేర్లు ఎక్కిస్తున్నాం. ఆఫీసర్ల జాబితా ఎప్పుడూ ప్రధాన కార్యాలయంలోనే ఉంటుంది కాబట్టి ఆ శీర్షిక కిందే రాయొచ్చని ఒప్పించాను,” అన్నారు.

మొత్తానికి పంతొమ్మిదేళ్ళకి ప్రధాన కార్యాలయం ఎగరడం నేర్చుకుంది.

“మరి మా నాన్న?”

“నావికుల జాబితా స్క్వాడ్రన్ పుస్తకంలోనే ఉంటుందమ్మా. ఆ పుస్తకం మళ్ళీ తెరవాలంటే ఒకటే దారి. యంత్రాన్ని ఇంకా అప్పగించలేదు, పాత స్క్వాడ్రన్‌దే అని చూపించాలి. ఇదివరకు ఒకరికి అలా తెరిచారు కూడా. కానీ ఇక్కడ విచారణ నివేదిక చూడండి. దొరికిన తోక ముక్క మీద ఏ స్క్వాడ్రన్ అంకే లేదు. చెరిపేసి ఉంది. అంకె చెరిపితే అప్పగించినట్టే లెక్క.”

“పాత అంకెలు చెరపడానికి పదో తారీకు దాకా గడువుందని మూసివేత ఉత్తర్వులో మీరే చూపించారుగా ఇందాక? మూడో తారీకుకే ఎవరు చెరిపారు?”

కెప్టెన్ నివేదికలో పేజీలు తిప్పారు. నా పక్కన పెదనాన్న టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“నేనే. రెండో తారీకు మధ్యాహ్నం. పని మిగుల్చుకోవడం నాకు చేతకాదు సార్,” అని, “నిచ్చెన పట్టుకున్నది వాడే. మాదే ముందు చెయ్యి అన్నయ్యా, ఎండకి తొందరగా ఆరుతుంది అన్నాడు,” అన్నారు.

తను చెరిపిన ఆ అంకే అడ్డమని పెదనాన్నకి పంతొమ్మిదేళ్ళుగా తెలుసా అని నేను అడగలేదు. విచారణ నివేదిక ఆయనెప్పుడూ చూడలేదు, చూడాలని అడగనూలేదు. పైవాళ్ళు రాసిందేదో సరిగ్గానే రాసి ఉంటారని ఆయన నమ్మకం. ఆరోజు బస్సులో నేను ముందు సీట్లోకి మారి కూర్చున్నాను, ఇంటికెళ్ళి అమ్మకి జరిగిందంతా చెప్పాను.

పైలట్ల పేర్లు బంగారు రంగుతో రాయమని పెదనాన్నకే చెప్పారు. రాశారు. అయితే ఆ రెండు పేర్లనీ ఆ శీర్షిక కింద కాస్త పైకి జరిపి, మూడో వరుస ఖాళీగా ఉంచారు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి అమ్మతో చెప్పారు. “చోటు ఉంచాను. ఇవాళ కాకపోతే ఇంకో అధిపతి వస్తాడు, ఒప్పుకుంటాడు. చోటు మాత్రం ఉంది.” అమ్మ ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆయనకి మారు వడ్డించింది. నాకూ కోపం సగం దిగింది, అబద్ధమెందుకు.

హాలు తెరిచిన రోజు బోర్డు మీద పేరున్నవాళ్ళ కుటుంబాలనే పిలిచారు. మమ్మల్ని పిలవలేదు. తర్వాతి ఆదివారం మామూలు జనాన్ని రానిచ్చారు. పెదనాన్న ఏదో పనుందని రానన్నారు, అమ్మ వదల్లేదు. అమ్మకి ఆ ఖాళీ చూడాలని ఉంది. కొత్త చీర కట్టుకుంది. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి బయటికే చూశారు, అదేదో దిగులనుకున్నాం.

ప్రధాన కార్యాలయం శీర్షిక కింద రెండు పేర్లున్నాయి. పైన ఎంత జాగా ఉందో కింద అంతే ఉంది. సరిగ్గా మధ్యలో, ముచ్చటగా కుదిరాయి. వాటి కింద ఒక సన్నటి బంగారు గీత. జాబితా అయిపోయిందని గుర్తు.

“ఖాళీ ఏది?” అంది అమ్మ.

పెదనాన్న బోర్డు వైపే చూస్తూ చెప్పారు. “తనిఖీకి వచ్చిన సారు, కింద వెలితిగా ఉంది, మధ్యకి జరిపి గీత కొట్టండి అన్నారు.”

“చోటెందుకు ఉంచావో చెప్పావా ఆయనకి?”

“పక్కన చాలామంది ఉన్నారు. హడావుడిలో ఉన్నారాయన.”

“ఎవరు చెరిపారు?”

“నేనే.”

“ఇంకెవరిచేతైనా చేయించమని అనలేకపోయావా?”

“ఇంకెవరైనా అయితే అక్షరాలు వంకర పోతాయమ్మా,” అన్నారాయన. ఆ మాటలో వంకేమీ లేదు. అంతకంటే మంచి కారణం ఆయనకి తెలియదు. కమాండ్ మీద నాకున్న కోపం ఒకెత్తు, ఆయన మీద ఆ క్షణం వచ్చిన కోపం ఒకెత్తు. కమాండ్‌కి మా నాన్న ఎవరో తెలియదు. ఈయనకి తెలుసు.

అమ్మ బోర్డు దగ్గరికి వెళ్ళి ఆ గీతని ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. ఎక్కడా చెయ్యి వణికిన జాడ లేదు. వెనక్కి తిరిగి ఆయనతో, “బాగా రాశావు బావా,” అని, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. పెదనాన్న మా వెనకే వచ్చారు. బస్సు వచ్చినప్పుడు ఆయన కూడా ఎక్కబోతే అమ్మ తలుపుకి అడ్డంగా నిలబడి, “నువ్వు తర్వాతి దాన్లో రా,” అంది.