పెద్దమ్మ గీసిన అలుగు

నాటకశాలలో మా పెద్దమ్మను సున్నం మేస్త్రి అనేవారు. ఆ పేరు పెట్టింది లైట్లు వేసే ఆయన. ఇరవై రెండేళ్లుగా నటుల ఒంటి మీద రంగులు వేయడమే ఆమె పని. చేప కావాలంటే చేప ఒక్కటే వేసి ఊరుకునేది కాదు. అది తిరిగే నీళ్లూ నాచూ కూడా ఆ ఒంటి మీదే కనబడాలనేది.

కొత్త నాటకంలో అలుగు పాత్ర వచ్చింది. ఒళ్లంతా పొలుసులుండి, బెదిరితే బంతిలా చుట్టుకుపోయే అడవి జంతువు. దర్శకుడు పొలుసులు అచ్చువేసిన బిగుతు తొడుగు తెప్పిద్దామన్నాడు. ఒక్కసారి తన పని చూడమని పెద్దమ్మ మూడు రోజులు ఆయన చుట్టూ తిరిగింది. సరేనన్నాడు గానీ, కుదరకపోతే ఇక ఇక్కడ రంగుల పని ఉండదని ముందే చెప్పేశాడు.

పెద్దమ్మ ఆలోచన చక్కగా ఉంది. వీపు నిండా పొలుసులు. పొట్ట మీద, చేతుల లోపలి వైపున ఎండుటాకులు, పుట్టమన్ను. ముడుచుకుని పడుకుంటే జంతువు, విప్పుకుని లేస్తే అడవి.

ఏ బొమ్మయినా పెద్దమ్మ ముందు మా అమ్మ మీద వేసి చూసుకునేది. అమ్మ పోయి పధ్నాలుగు నెలలైంది. అందుకని ఈసారి నేను కూర్చున్నాను. నలుగురిలో గొంతు పెగలని నన్ను, వీపు లేని పొట్టి జాకెట్టులో చూసి లైట్లాయన, "మేస్త్రిగారూ, గోడ వణుకుతోంది, కాస్త చూసుకోండి" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

వంగితే చర్మం సాగుతుంది. నిటారుగా ఉన్నప్పుడు కలిసిన గీతలు అప్పుడు విడిపోతాయి. అందుకే మనిషిని ముడుచుకోబెట్టి, ముందు పెన్సిలుతో గుర్తులు పెట్టుకోవాలి. పెద్దమ్మకు ఇది తెలియక కాదు. ఆమె దగ్గర ఒక పల్చటి కాగితం ఉంది. ఎప్పుడో అమ్మ వీపు నుంచి దించుకున్న కొలతలు, ఎక్కడ ఎంత సాగుతుందో చుక్కలతో సహా అందులో ఉన్నాయి. దాన్నే నా వీపు మీద పరిచింది.

"ఒకసారి ముడుచుకోనా పెద్దమ్మా?"

"అక్కర్లేదులేవే. ఈ వీపు నాకు కంఠతా వచ్చు."

నాలుగు గంటలు వేసింది. మధ్యలో ఒకసారి "కదలకే చెల్లీ" అంది. నేను ఇంకాస్త నిటారుగా కూర్చున్నాను.

దర్శకుడు వచ్చాక వేదిక మీద ముడుచుకున్నాను. నా వీపు నాకు కనబడదు. మోకాళ్లలో తల దాచుకుని, ఎవరైనా ఏమైనా అంటారేమోనని చెవులు రిక్కించాను. ఎవరూ ఏమీ అనలేదు. లైట్లాయన కూడా హాస్యమాడలేదు. కుదరలేదని అప్పుడు అర్థమైంది. తర్వాత ఫోటోలో చూశాను. అమ్మది గుండ్రటి ఒళ్లు, నావన్నీ ఎముకలు. భుజాల మధ్య పొలుసులు విడిపోయి, వరసకీ వరసకీ నడుమ నా చర్మం బయటపడింది.

ముందుగా ఎందుకు కొలవలేదని దర్శకుడు నెమ్మదిగానే అడిగాడు. పెద్దమ్మ ఆ పల్చటి కాగితం మడిచింది. మళ్లీ వేయనివ్వండి, నేను ఎంతసేపైనా ముడుచుకుంటానని నేనే అన్నాను. జీవితంలో అంత గట్టిగా మాట్లాడింది అప్పుడే. ఆయన పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె కుంచెలు సర్దుకుంటోంది.

స్నానాలగదిలో గోరువెచ్చటి నీళ్లతో నా వీపు తుడుస్తూ మధ్యలో ఆగిపోయింది.

"నీ వీపు ఎలా ఉందో చూడనేలేదే."

"అమ్మది కాగితం మీద ఉందిగా పెద్దమ్మా."

"ఉంది. మనిషి ఉన్నట్టే అనుకున్నాను."

మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

తొడుగు వచ్చింది. పాతమనిషని పెద్దమ్మను తీసేయకుండా, నటుడి వీపున జిప్పు పైకి లాగే పని ఇచ్చారు. రోజూ వెళ్లి లాగి వస్తోంది. ఎలా ఉందని అడిగితే, చేతులకు రంగు అంటడం లేదని మాత్రం చెప్పింది.