సత్తు పడవకి కొబ్బరికాయ

ఆ వయసులో నాకో నమ్మకం ఉండేది. ఏ విషయమైనా శ్రద్ధగా చదివితే అది వచ్చేసినట్టే అని. ఈత ఒక్కటే చదవకుండా నేర్చుకున్నాను, అదీ అక్షరాలు రాకముందే నేర్చుకున్నాను గనక. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క (నిజానికి పెద్దగా వెతక్క) మా బాబాయి చెక్క నావలో రెండో మనిషిగా గోదావరి వైనతేయ పాయలో వలలు లాగుతుండేవాణ్ణి. తీరిక దొరికితే రాజోలు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలు, అవి అయిపోతే ఫోను. నాన్న అప్పటికే లేరు. నా గురించి దిగులుపడే పని అమ్మది, నన్ను తిట్టే పని బాబాయిది. ఇద్దరూ శ్రద్ధగా చేసేవారు.

ఇలా ఉండగా మేం మస్కట్ బావ అని పిలిచే మా పెద్దనాన్నగారి అల్లుడు సెలవు మీద వచ్చి, నాకు అక్కడ ఒక గోడౌనులో పని చూశానన్నాడు. అమ్మ సంబరపడింది. నాకు వెళ్ళాలని లేదు. నది వదిలి ఉండలేను లాంటి మాటలేమీ అనలేదు. ఒకరు చెప్పినట్టు చెయ్యడం నాకు చేతకాదని మాత్రం తెలుసు, ఆ సంగతి బాబాయి దగ్గర రోజూ రుజువవుతూనే ఉండేది. "ఉంటే ఉండు. కానీ ఎంతకాలం మీ బాబాయి నావలో రెండో మనిషిగా ఉంటావురా? నీకంటూ ఓ పడవుండద్దా?" అంది అమ్మ. చివరికి ఒప్పందం కుదిరింది. వీసా ఏజెంటుకి కట్టాల్సిన డబ్బులో సగంతో నేను పడవ కొనుక్కోవాలి. బావ తిరుగు ప్రయాణమయ్యేలోగా అది అమ్మ కళ్ళ ముందు నీళ్ళలో తేలాలి. తేలకపోతే నా పాస్‌పోర్టు బావ చేతిలో పెట్టాలి.

ఆ సగం డబ్బుకి చెక్క నావ రాదు, ఫైబరు పడవ అసలే రాదు. అందుకని అల్యూమినియం పడవల గురించి చదివాను. తేలిగ్గా ఉంటాయి, తుప్పు పట్టవు, ఏటా తారు పూయక్కర్లేదు. పాతది కొనేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా చదివాను: అతుకులు చూడాలి, రేకుల్ని కలిపి పట్టే రివెట్లు చూడాలి, అడుగున సొట్టలు చూడాలి. నాకు పడవ గురించి ఇంక తెలియాల్సింది ఏమీ లేదనిపించింది.

పడవ పాత సామాను కొట్టులో దొరికింది. ఓడలరేవు వైపు ఎవరో కాంట్రాక్టరు వాడి వదిలేసిందట. కొట్టు ఆయన్ని అందరూ కాటా మావయ్య అనేవారు, మనిషిని తప్ప అన్నిటినీ తూచి అమ్ముతాడు గనక. "పడవని అమ్మనండి నేను. సత్తుగా అమ్ముతాను. సత్తుకి కిలో రేటుందండి," అన్నాడు. (మా వైపు అల్యూమినియాన్ని సత్తు అంటాం. అన్నం గిన్నెలూ అదే, పాల క్యాన్లూ అదే.) పడవ నిండా ఎండిపోయిన ఒండ్రుమట్టి. మట్టి తీసి తూయమన్నాను. "తీసుకోండి. కూలి మీదేనండి," అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ మట్టంతా గోకి పారబోశాను. తర్వాత చూస్తే కూర్చునే చెక్క పీటల్ని కూడా సత్తు రేటుకే తూస్తున్నాడు. అదేమిటండీ అంటే, "ఊడదీసెయ్యమంటారా? నిలబడి వెళ్తారా మరి?" అని చాలా మర్యాదగా అడిగాడు. మర్యాదగా మోసపోవడంలో ఉండే చిరాకు మామూలు మోసంలో ఉండదు.

బాబాయి ఈ బేరంలో ఒక్క మాట సాయం రాలేదు. పడవ చుట్టూ తిరుగుతూ వేలి కణుపుతో కొట్టి చూస్తూ, "డబ్బా చప్పుడొస్తందిరా. ఇది కొంటే నన్ను బాబాయ్ అని పిలవకు," అన్నాడు. నేను కొన్నాను. ట్రక్కు ఆటోలో దాన్ని నా చేత కట్టనివ్వకుండా, నా ముడులు ముడులే కావని తిడుతూ, తాళ్ళన్నీ ఆయనే కట్టాడు.

ఊళ్ళోకి రాగానే టీ కొట్టు దగ్గర ఆటో ఆగింది. (ఆపమని నేను అనలేదు.) "ఏరా, ఎంతమందికి వండుతున్నావు?" అని ఒకరు, "మూతేదిరా?" అని ఒకరు. అందరిలోకీ పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి వచ్చి, లోపలికి తొంగిచూసి, "ఆయ్, పెళ్ళి సాంబారుకి సరిపోద్దండి," అని తేల్చాడు. రేవు దాకా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది. బాబాయి కూడా నవ్వాడు.

మర్నాడే బావ ప్రయాణం, సాయంత్రం నాలుగింటికి కారు. మధ్యాహ్నం అమ్మ వచ్చి పడవని చూడాలి. పొద్దున్నే నేను రేవుకి వెళ్ళేసరికి బాబాయి తలంటుకుని, పసుపు, కుంకుమ, బంతిపూలు, తన చెట్టు కొబ్బరికాయతో సిద్ధంగా ఉన్నాడు. డబ్బా అన్న మనిషే పడవ ముక్కుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండ వేశాడు. అంతవరకూ బాగానే ఉంది. కాయ పట్టుకుని చెయ్యి పైకెత్తాడు.

"బాబాయ్, దీనికి కొట్టకూడదు. పక్కన రాయికి కొట్టు."

"రాయికి కొడితే రాయికి పూజవుద్దిరా. పడవకవ్వదు."

"చెక్క నావ కాదు ఇది. రేకు."

"నా నావకి ఎన్ని కాయలు కొట్టలేదు? ఏమైంది?"

కొట్టాడు. కాయ పగల్లేదు. పడవ ముక్కు మీద అరచేతి వెడల్పున సొట్ట పడింది. ఇక్కడితో ఆగే మనిషైతే ఈ కథ లేదు. పడవకి కొట్టిన కాయ పగలకుండా దాన్ని నీళ్ళలోకి దింపితే అరిష్టమని మా రేవులో అందరి నమ్మకం. అందుకని మళ్ళీ కొట్టాడు. రేకు లోపలికి పోయి కాయని జాగ్రత్తగా అందుకుంటోంది, దిండు తలని అందుకున్నట్టు. "ఇంత మెత్తగా ఉందేంట్రా ఇది?" అని నా మీదే కోప్పడ్డాడు. "అందుకేగా వద్దన్నాను!" అంటే, "వద్దంటే ముందు చెప్పాలి. మొదలెట్టేక ఆపకూడదు," అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. వదిలించుకుని, ఈసారి చోటు మార్చి, ముక్కు కింద అడుగు దగ్గర రెండు రేకులు కలిసే అతుకు మీద బలంగా కొట్టాడు. అక్కడ గట్టిగా ఉంటుంది గనక కాయ పగిలింది. రెండు రివెట్లు కూడా ఎగిరిపోయాయి.

"చూసేవా, పువ్వొచ్చింది!" అని కొబ్బరి చెక్క నా ముఖం ముందు పెట్టాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. కాయలో పువ్వొచ్చింది. పడవకి చిల్లొచ్చింది.

పాత పడవ కొనేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తల్లో కొబ్బరికాయ సంగతి ఎవరూ రాయలేదు. రాసినవాళ్ళకి మా బాబాయి లాంటి బంధువులు లేరనుకుంటాను. ఆ పొద్దుటి గంటల్లో నేను ఆయన్ని ఏమేమి అన్నానో ఇక్కడ రాయను. ఆయన మాత్రం తొణక్కుండా, "ఏవుందిరా, పీచు కూరి తారెట్టేస్తే సరి," అని నావకి చేసినట్టే చేశాడు. చెక్కయితే తారుని పట్టుకుంటుంది. ఎండకి కాలిన సత్తు మీద తారు కరిగి, పీచుతో సహా నింపాదిగా కిందికి జారింది. పరుగెత్తుకెళ్ళి అతికించే మందు ముద్ద తెచ్చాను. ఒక రాత్రంతా ఆరితేగాని తడపకూడదని దాని మీద రాసి ఉంది. అప్పటికే గట్టు మీద అమ్మ, ఆమె వెనక బూట్లేసుకున్న బావ కనిపించారు.

పాస్‌పోర్టు ఇంట్లో బీరువా మీద ఉంది. పడవని నీళ్ళలోకి తోశాను. నేను ఎక్కేలోపు బాబాయి ఎక్కి, భుజం మీది తువ్వాలు మడతపెట్టి ముందువైపు అడుగున పరిచి, దాని మీద చతికిలబడ్డాడు.

"అదేంటి బాబాయ్, పీట మీద కూచో."

"నోర్ముయ్యి. తెడ్డెయ్యి."

అప్పుడు అర్థమైంది. గట్టుకి కనపడేంత దూరంలో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాను. "నీళ్ళేం రావట్లేదు కదా?" అని అమ్మ కేకేసింది. "ఆయ్, చుక్క లేదొదినా!" అన్నాడు బాబాయి. అప్పటికి ఆయన పంచె నడుం దాకా తడిసిపోయింది. ఒడ్డుకి చేరగానే బావకి ఉత్సాహం వచ్చింది. "నేనూ ఓ రౌండేస్తానండి మావయ్యగారూ," అన్నాడు. "రండి అల్లుడుగారూ, బూట్లిప్పి ఆ బురదలోంచి ఇలా వచ్చెయ్యండి," అన్నాడు బాబాయి. బావ బురదని చూశాడు, బూట్లని చూశాడు, కారుకి టైమవుతోందన్నాడు. అమ్మ మాత్రం కదల్లేదు. "దిగవయ్యా, ఇంటికొచ్చి కాఫీ తాగుదువుగాని."

"మీరు పదండొదినా. నేను కాసేపిక్కడే కూచుంటాను. చల్లగా ఉంది."

అది నిజమే.

వాళ్ళు గట్టు దిగాక ఆయన లేచాడు. ఆ చోట నుంచి నీళ్ళు బుస్సున పైకి లేచాయి. ఇద్దరం పడవని పక్కకి ఒరిగించి పారబోశాం. నేను ఇంకా తిడుతూనే ఉన్నాను. ఆయన తువ్వాలు పిండుకుంటూ, "కాయ కొట్టేం గనకే ఈ మాత్రం తేలింది," అన్నాడు.

బావ ఆ సాయంత్రం పాస్‌పోర్టు లేకుండానే వెళ్ళాడు. కొత్త రివెట్లు వేయించాక పడవ నాదయింది, అంటే నాదనుకున్నాను. మర్నాటి నుంచీ బాబాయి తన నావని కొడుక్కి వదిలేసి, పొద్దున్నే వచ్చి నా పడవలో ముందు కూర్చునేవాడు. తెడ్డు సరిగా వెయ్యడం లేదనీ, వల అలా విసరకూడదనీ, ఇది పడవే కాదనీ చెబుతూ. ఒకరి కింద పని చెయ్యకూడదని కొనుక్కున్న పడవలో, ఆయన ఉన్నన్నాళ్ళూ నేను ఒంటరిగా చేపల వేటకి వెళ్ళిన రోజు లేదు.

నిరుడు ఎండాకాలంలో ఆయన పోయాడు. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక, అమ్మకి ఇన్నేళ్ళుగా తెలియదనుకుని, ఆ రోజు ఆయన చిల్లు మీద కూర్చున్న సంగతి చుట్టాలకి చెప్పాను. అందరూ నవ్వారు. అమ్మ ఆకులు తీస్తూ, "తెలుసులేరా," అంది. "మనిషి నడుం దాకా తడిసుంటే కనపడదేంటి?"

"మరి నా పాస్‌పోర్టు బావకెందుకివ్వలేదు?"

"మునిగితే మీ బాబాయున్నాడు కదాని."

ఇప్పుడు ఒక్కణ్ణే వెళ్తున్నాను. ముందువైపు బరువు లేక ముక్కు పైకి లేస్తుంది, పడవ తిన్నగా పోదు. అందుకని ఆ చోట ఒక ఇసక బస్తా వేసుకున్నాను. మొన్న ఎదురుగాలిలో చిరాకెత్తి దాన్ని "కాస్త అటు జరుగు" అన్నాను. ఆ చుట్టుపక్కల ఇంకో పడవ లేదు గనక సరిపోయింది.