కుడితి తొట్టి ఖాళీ

మాది ఐరాల దగ్గర ఒక పల్లె. పెసలు నానబెట్టి సేమ్యాకు పిండి తీసే ఫ్యాక్టరీలో నాకు పని. పిండి తీశాక మిగిలిన నీళ్లు ఒకప్పుడు కాలవలోకి పోయేవి. ఇప్పుడు వాటిలో ఆసిడ్ పోసి వేడిచేస్తే, అందులోని మాంసకృత్తులు పాలు విరిగినట్టు ముద్దగా విడిపోతాయి. ఆ ముద్దను బాగా కడిగి, ఎండబెట్టి పశువుల దాణాకు పంపుతారు. కడిగిన ముద్ద కొంచెం మా చూడి ఆవు కుడితిలోకి తెచ్చుకోవడం నాకు అలవాటు.

ఆ రోజు బస్సు వెళ్లిపోతుందని కంగారుగా బకెట్ నింపుకున్నాను. ఇంటికొచ్చి అత్తకిచ్చి స్నానానికి వెళ్లాను. బయటికి రాగానే సూపర్‌వైజరు ఫోన్.

"ఏ తొట్టిలోది తీసుకపోయినావమ్మా? మొదటి తొట్టిలోది ఇంకా కడగలేదు. ఆసిడ్ ఉండాది!"

తడిజుట్టుతోనే కొట్టంలోకి పరుగెత్తాను. బకెట్ ఖాళీ. కుడితి తొట్టి ఖాళీ. ఆవు పక్కకు ఒరిగి పడుకుని ఉంది. దాని కడుపు మీద చెయ్యి వేసి చూశాను.

"అత్తా, తాగేసిందా?" అని అరిచాను.

అత్త పెరట్లో నోరు పుక్కిలిస్తోంది. "యాడ తాగిందే! ఉప్పేసి రుచి సూసినా, నాలిక మండిపాయ. అంతా దిబ్బ మీద పోసేసినా" అంటూ నాలుక చాపింది. ఎర్రగా కందిపోయి ఉంది.

ఆవుకు పెట్టే కుడితిని తను రుచి చూడటం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు. నేను ఎన్నిసార్లు నవ్వానో!

ఇప్పుడు ఫ్యాక్టరీలో ముద్దకు ఆసిడ్ వదిలిందో లేదో లిట్మస్ కాగితం ముంచి చూసేది నేనే. ఆ కాగితం ఎర్రబడినప్పుడల్లా నాకు అత్త నాలుకే కనిపిస్తుంది.