ఇప్పపువ్వు మూట

ఉసూరులో నేను పనిచేసే ఇప్పపువ్వు కడిగే షెడ్డులో కొత్తగా సెంట్రిఫ్యూజ్ పెట్టారు. చిల్లుల డ్రమ్ము గిర్రున తిరిగితే పువ్వు గోడకు అతుక్కుంటుంది, నీళ్లు చిల్లుల్లోంచి బయటికి చిమ్ముతాయి. ఆ తడి తీపి వాసన తగిలితే చాలు, అమ్మమ్మ గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు బాసగూడలో అమ్మమ్మ, కడిగిన పువ్వును పలచటి గుడ్డలో మూటగట్టి వాకిట్లో గిరగిరా తిప్పేది. తుంపరలు నా ముఖాన పడేవి. ఇప్పపువ్వంటే ఎలుగుబంటికి ప్రాణం కదా, దాన్ని బెదిరించడానికే తిప్పుతోందనుకునేదాన్ని.

ఒకరోజు తెల్లారకముందే పువ్వు ఏరడానికి అడవికి పోయిన అమ్మమ్మ ఎండెక్కినా రాలేదు. నేను ఏడుస్తూ తడి మూట తిప్పడం మొదలుపెట్టాను. చేతులు లాగేస్తున్నా ఆపలేదు. చివరికి నెత్తిన గంపతో అమ్మమ్మ వచ్చింది.

“ఏంది బిడ్డా, ఒళ్లంతా తడుపుకున్నవ్?”

“గుడ్డెలుగు నీ దగ్గరికి రాకుండ తిప్పుతున్న.”

అమ్మమ్మ నవ్వలేదు. మూట పిండి చూసింది.

“మంచిగ తిప్పినవ్. అందుకే అది నన్ను జూసి మర్లిపోయింది.”

మర్నాటి నుంచి తడి మూట నా చేతికిచ్చాకే అడవికి బయలుదేరేది.

ఆ తిప్పడం నీళ్లు పోవడానికేనని ఇప్పుడు తెలుసు. అయినా మిషన్ ఆగేదాకా కిటికీ దగ్గరే నిలబడతాను, అడవి దారికేసి చూస్తూ.